తేమకు ఉబ్బే బ్యాక్టీరియా స్పోర్లు: వంగే పట్టీతో కొలిచే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే అనంతపురంలో మా ల్యాబ్ తలుపు దగ్గర ఒకటే ప్రశ్న: "సార్, గాలిలో తేమకు స్పోర్లు ఉబ్బుతాయంట గదా, అది కంటికి కనపడేట్ల చేయాలంటే ఎట్ల సార్?" కడప నుంచి, కర్నూలు నుంచి కూడా ఇదే అడుగుతున్నారు. చాలామంది సగం చేసి వదిలేస్తున్నారు. ఇంకొంతమంది పట్టీ వంగగానే సంబరపడి రికార్డు రాసేస్తున్నారు, కానీ వంచింది స్పోర్లా, జిగురా అని అడిగితే నోరు మెదపరు. అందుకే మొత్తం వరుసగా రాస్తున్నాను. ఇంక్యుబేటరు అక్కర్లేదు, బ్యాక్టీరియా పెంచక్కర్లేదు. మందుల షాపు, పాత ఆడియో కాసెట్, నాలుగు గాజు సీసాలు, మామూలు కాలేజీ ల్యాబ్ ఉంటే చాలు.

1. ముందు తెలుసుకోవాల్సింది: ఏది ఉబ్బుతుంది?

స్పోరు, అంటే మన పాఠ్యపుస్తకాల్లోని అంతస్సిద్ధబీజం, గడ్డు కాలంలో కొన్ని బ్యాక్టీరియాలు దాల్చే నిద్ర రూపం. అది పొరలు పొరలుగా ఉంటుంది. మధ్యలో డీఎన్‌ఏ, కాల్షియం డైపికోలినేట్ అనే లవణం ఉన్న కేంద్రం. దాని చుట్టూ పెప్టిడోగ్లైకాన్‌తో (బ్యాక్టీరియా కణకవచంలోని వలలాంటి పదార్థం) చేసిన మందపాటి కార్టెక్స్. ఆ పైన ప్రోటీన్ల తొడుగు. పొడిగా ఉన్నప్పుడు ఈ తొడుగు ముడతలు పడి ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే నీటి అణువులు తొడుగులోకి, కార్టెక్స్‌లోకి చొరబడతాయి. స్పోరు ఉబ్బుతుంది, ముడతలు విచ్చుకుంటాయి. తేమ తగ్గితే నీరు బయటికి పోయి మళ్లీ ముడుచుకుంటుంది. ఎన్నిసార్లయినా ఇంతే.

ఇది మొలకెత్తడం కాదు. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. మొలకెత్తాలంటే స్పోరుకు నీటితోపాటు అలనిన్ (ఒక అమైనో ఆమ్లం) వంటి పోషకం సంకేతంగా అందాలి. అప్పుడు కార్టెక్స్ కరిగిపోతుంది, ఇక వెనక్కి రావడం ఉండదు. తేమకు ఉబ్బడంలో స్పోరు నిద్ర చెడదు. తలుపు చెక్క వానకు బిగుసుకుని ఎండకు వదులయినట్టు, అది పదార్థం చేసే పని.

ఎంత ఉబ్బుతుంది? బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా స్పోర్లను ఒక్కొక్కటిగా కొలిచి 2003లో ప్రచురించిన పరిశోధనలో వ్యాసం సుమారు 4 శాతం పెరిగింది. పూర్తి పొడి నుంచి పూర్తి తడి దాకా తీసుకుంటే బాసిల్లస్ స్పోర్ల వ్యాసం 12 శాతం వరకు మారుతుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

ఇప్పుడు ఒక లెక్క వేయండి. స్పోరు వెడల్పు 0.8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుందాం. అందులో 12 శాతమంటే 0.1 మైక్రాన్ కంటే తక్కువ. మన కాలేజీ మైక్రోస్కోపు 0.2 మైక్రాన్ కంటే చిన్న తేడాను విడదీసి చూపలేదు. కాబట్టి గాజు పలక మీద స్పోరు పెట్టి, ఊది, ఉబ్బిందేమో అని కళ్లు చిట్లించి చూడడం వృథా. ఒక్క స్పోరును కాక, కోట్ల స్పోర్లను పలుచటి పట్టీకి ఒకవైపు అంటించాలి. అన్నీ కలిసి ఉబ్బితే ఆ వైపు సాగుతుంది, పట్టీ వంగుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఓజ్‌గుర్ సాహిన్ బృందం 2015లో నీటి ఆవిరితో నడిచే చిన్న యంత్రాలు చేసింది ఈ కిటుకుతోనే.

2. ఎప్పుడు చేయాలి?

ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా మన జిల్లాలకు మించిన కాలం లేదు. మధ్యాహ్నం గాలి బాగా పొడిగా ఉంటుంది. పూత త్వరగా ఆరుతుంది. పొడిగాలికి ముడుచుకున్న పట్టీ, తేమ సీసాలో పెట్టగానే స్పష్టంగా కదులుతుంది. ముసురు పట్టిన రోజుల్లో పూతే సరిగా ఆరదు.

ఎండాకాలంలో ఒక చిక్కుంది. గదిలో కూలర్ తిరుగుతుంటే ఆ గది తేమ వేరే లోకం. వట్టివేళ్ల తడికలు కట్టిన గది కూడా అంతే. కొలతలు తీసే గదిలో కూలర్ ఆపేయండి, ఫ్యాను ఆపేయండి. చెమటలు పడతాయి, తప్పదు. తెల్లవారుజామున 5 నుంచి 8 లోపు, మళ్లీ సాయంత్రం పూట కొలవడం నాకు బాగా నప్పింది, ఆ వేళల్లో గది వేడి అంతగా మారదు.

3. సమకూర్చుకోవాల్సినవి

☐ బాసిల్లస్ క్లాసై స్పోర్ల వయల్స్: 6. విరేచనాలకు పిల్లలకు పట్టే 5 మిల్లీలీటర్ల చిన్న ప్లాస్టిక్ సీసాలు. లేబుల్ మీద "200 కోట్ల స్పోర్లు" అని, ద్రవరూపంలో అని ఉండాలి. పొడి, గుళికలు, తీపి కలిపిన సిరప్పులు వద్దు. చక్కెర తేమను పీల్చుకుని ఫలితమంతా చెడగొడుతుంది.
☐ పాత ఆడియో కాసెట్, వీలైతే 90 నిమిషాలది. దాని టేపు మందం సుమారు 12 మైక్రాన్లు, వెడల్పు 3.8 మి.మీ. 60 నిమిషాల దాని టేపు ఇంకాస్త మందం, వంపు తక్కువ వస్తుంది.
☐ తెల్ల జిగురు (ఫెవికాల్ వంటిది), డిస్టిల్డ్ వాటర్, సర్జికల్ స్పిరిట్
☐ డ్రాపర్లు, సన్నటి గాజు కడ్డీ, జీరో నంబరు ఉప్పుకాగితం
☐ వెడల్పు మూతి గాజు సీసాలు, బిగుతు మూతలతో: 4
☐ ఉప్పులు: మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం కార్బొనేట్, సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్
☐ డిజిటల్ హైగ్రోమీటరు (గాలిలో తేమ కొలిచేది), గ్రాఫ్ కాగితం, ఫోను నిలబెట్టే స్టాండు
☐ మాలకైట్ గ్రీన్, సాఫ్రనిన్ రంగులు, మైక్రోస్కోపు (స్పోర్లను సరిచూసుకోవడానికి)

పొలం మట్టి తెచ్చి అందులోంచి స్పోర్లు తీద్దామని ఏటా ఎవరో ఒకరు అంటారు. ఆ ఊసే వద్దు. మన వైపు గొర్రెలకు దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, వచ్చే ప్రాంతాలున్నాయి. దాన్ని కలిగించేది కూడా బాసిల్లస్ జాతే, దాని స్పోర్లు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. వయల్‌లో ఏముందో మనకు తెలుసు, మట్టిలో ఏముందో తెలియదు.

ఇంకొక నియమం: స్పోర్లను పొడిగా ఆరబెట్టి, గీకి, పొడి చేయకూడదు. అవి ఎప్పుడూ నీటిలో అయినా ఉండాలి, జిగురులో అయినా ఉండాలి. ఇది మందుగా వాడే స్పోరే అయినా, వ్యాధి నిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు ఈ పనికి దూరంగా ఉండడం మంచిది.

4. స్పోర్లను చిక్కగా చేయడం

వయల్‌ను గట్టిగా ఊపండి. అడుగున తెల్లగా పేరుకున్నదంతా కలవాలి. రెండు వయల్స్‌ను ఒక సెంట్రిఫ్యూజ్ ట్యూబులో పోసి, నిమిషానికి 3000 చుట్ల వేగంతో 15 నిమిషాలు తిప్పండి. అడుగున చిన్న తెల్ల గుండ్రటి ముద్ద చేరుతుంది. పై నీటిని డ్రాపర్‌తో నెమ్మదిగా తీసేయండి. డిస్టిల్డ్ వాటర్ పోసి కలిపి, ఇంకోసారి తిప్పండి. ఒక్కసారి కడిగితే చాలు.

సెంట్రిఫ్యూజ్ లేదా? నిలువుగా నిలబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక మైక్రాన్ స్పోరు నీటిలో రోజుకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున దిగుతుంది. నాలుగు సెంటీమీటర్ల నీటి మట్టానికి 4 నుంచి 5 రోజులు. మధ్యలో ఎవరూ కదపకూడదు. ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టండి, తలుపు తీసినప్పుడల్లా కదిలితే మళ్లీ మొదటికొస్తుంది.

పట్టీకి ఎన్ని స్పోర్లు కావాలో ఎలా తెలుస్తుంది? ఒక్కో స్పోరు ఘనపరిమాణం సుమారు అర ఘన మైక్రాన్ అనుకుంటే, 200 కోట్ల స్పోర్లు కలిస్తే ఒక ఘన మిల్లీమీటరు. 50 మి.మీ. పొడవు, 3.8 మి.మీ. వెడల్పు ఉన్న పట్టీ మీద అది 5 మైక్రాన్ల పూత అవుతుంది. రెండు వయల్స్ వాడితే 10 మైక్రాన్లు, అంటే దాదాపు టేపు మందమంత. వంగడానికి ఇది చక్కటి నిష్పత్తి. మూడో వయల్ కలిపితే ఇంకా బాగా వంగుతుందనుకోకండి, మందమైన పూత ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది.

పూతకు ముందు ఒక చుక్క తీసి రంగు వేసి చూడండి. గాజు పలక మీద పలుచగా పరిచి, ఆరనిచ్చి, మంట మీద ఒకటి రెండు సార్లు ఆడించి అంటించండి. 5 శాతం మాలకైట్ గ్రీన్ పోసి, ఆవిరి మీద 5 నిమిషాలు ఉంచండి. రంగు ఎండిపోకుండా మధ్యమధ్యలో పోస్తుండండి. నీటితో కడిగి, సాఫ్రనిన్ ఒక నిమిషం. స్పోర్లు ఆకుపచ్చగా, మామూలు కణాలు ఎర్రగా కనిపిస్తాయి. ఎక్కువ భాగం పచ్చగా ఉంటే ముందుకెళ్లండి. ఎర్రవే ఎక్కువుంటే ఆ బ్యాచ్ వదిలేయండి, కాలం తీరినదో, ఎండలో పెట్టినదో అయ్యుంటుంది.

ఆవిరి లేకుండా ఆ రంగు స్పోరులోకి ఎక్కదని గమనించండి. పొరల బిగువు అంతటిది. మీ రికార్డులో ఈ వాక్యం రాయండి, మీ అంశానికి ఇది సూటి సాక్ష్యం.

5. పట్టీని సిద్ధం చేయడం

కాసెట్ టేపుకు రెండు వైపులు. ప్లేయర్ హెడ్ తగిలే వైపు అయస్కాంత పూత ఉంటుంది. కాసెట్‌లో చుట్టి ఉన్నప్పుడు బయటికి ఉండే వైపు అదే. చక్రం వైపు తిరిగి ఉండేది ఉత్త పాలియెస్టరు. మనం పూయాల్సింది ఈ రెండో వైపు. కత్తిరించే ముందే అయస్కాంత వైపు మూలలో తెల్ల పెన్నుతో చుక్క పెట్టుకోండి. ఒకసారి కత్తిరించాక ఏ వైపు ఏదో చెప్పడం కష్టం.

60 మి.మీ. ముక్కలు నాలుగు కత్తిరించండి. 10 మి.మీ. పట్టుకోవడానికి, 50 మి.మీ. పనికి. ఉత్త వైపును ఉప్పుకాగితంతో, ఒత్తిడి పెట్టకుండా, పొడవు వెంబడి నాలుగైదు సార్లు రుద్దండి. మెరుపు తగ్గితే చాలు. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, అంచులు మాత్రమే పట్టుకోండి. వేలిముద్ర పడిన చోట పూత నిలవదు.

సెల్లోఫేన్ కాగితం వాడవద్దు. అగరబత్తి, స్వీటు పెట్టెల మీద ఉండే ఆ మెరుపు కాగితం కొన్నిసార్లు సెల్లోఫేన్ అవుతుంది. అది సెల్యులోజ్, స్పోర్లు లేకుండానే తేమకు మెలికలు తిరుగుతుంది.

నాలుగు పట్టీలు ఇవీ:

1వ పట్టీ: స్పోర్లు + జిగురు
2వ పట్టీ: జిగురు మాత్రమే
3వ పట్టీ: ఏమీ పూయని టేపు (రుద్ది, తుడిచి)
4వ పట్టీ: ప్రెషర్‌లో ఉడికించిన స్పోర్లు + జిగురు

ఈ నాలుగింటిలో ఒకటి తగ్గినా నేను ప్రాజెక్టు ఒప్పుకోను. తెల్ల జిగురు కూడా తేమను పీలుస్తుంది, టేపు కూడా కొంచెం కదులుతుంది. వాటి వాటా తీసేస్తే మిగిలేదే స్పోర్లది.

4వ పట్టీ కోసం రెండు వయల్స్ ద్రవాన్ని గాజు ట్యూబులో పోసి, దూది బిరడా పెట్టి, ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ కుక్కర్‌లా ఒత్తిడి ఆవిరితో ఉడికించే ల్యాబ్ పాత్ర) 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచండి. చల్లారాక మిగతావాటిలాగే తిప్పి ముద్ద తీయండి.

6. పూత: తొందరపడితే చెడిపోయే మెట్టు

జిగురు నీళ్లు ముందే కలుపుకోండి. 20 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో ఒకే ఒక్క చుక్క తెల్ల జిగురు. ఇంత పలుచనా అనిపిస్తుంది. ఇందులోంచి 4 చుక్కలు తీస్తే ఆరాక మిగిలే జిగురు సుమారు 0.2 మిల్లీగ్రాములు. రెండు వయల్స్ స్పోర్లు సుమారు 2 మిల్లీగ్రాములు. అంటే పదో వంతు. స్పోర్లను పట్టి ఉంచడానికి అది చాలు, పట్టీని అది శాసించకూడదు.

స్పోర్ల ముద్దలో ఈ జిగురు నీళ్లు 4 చుక్కలు వేసి, డ్రాపర్‌తో పీల్చి వదులుతూ గడ్డలు లేకుండా కలపండి. పాలలా తెల్లగా వస్తుంది.

పట్టీని గాజు పలక మీద, రెండు చివరలు అంటుకునే టేపుతో అంటించి, బల్లపరుపుగా పెట్టండి. మొదటి చుక్క వేసి గాజు కడ్డీతో పొడవు వెంబడి నడపండి. బ్రష్ వాడితే సగం స్పోర్లు బ్రష్‌లోనే ఉండిపోతాయి. 20 నుంచి 30 నిమిషాలు ఆరనివ్వండి. తర్వాత రెండో చుక్క. ఇలా నాలుగు పూతలు. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. పైపొర ముందు ఆరి, లోపల తడి మిగిలి, పెంకులు పెంకులుగా లేస్తుంది. నీడలో, మూత సగం తెరిచిన పెట్టెలో పెడితే దుమ్ము పడదు, ఆరడమూ నింపాదిగా ఉంటుంది.

2వ పట్టీకి స్పోర్లు లేని జిగురు నీళ్లు అవే 4 చుక్కలు, అదే వరుస. 4వ దానికి 1వ దానిలాగే. మూడో పట్టీకి ఉత్త నీళ్లు 4 చుక్కలు వేసి ఆరబెట్టడం నా అలవాటు, అప్పుడు నాలుగింటి చరిత్ర ఒకటే అవుతుంది.

రాత్రంతా ఉంచి, తెల్లారి చివరల టేపు తీయండి. పొడిగాలిలో 1వ పట్టీ స్పోర్ల వైపుకు కొంచెం ముడుచుకుని ఉంటుంది. అది లోపం కాదు, అలా ముడిస్తేనే పూత బాగా పట్టినట్టు. నోటిని అరచేయి దూరంలో పెట్టి "హా" అని ఒక్కసారి ఆవిరి ఊదండి. పట్టీ చాపుకుని, ఊపిరి ఆగగానే మళ్లీ ముడుచుకోవాలి. మొదటిసారి ఇది చూసిన ఒక అమ్మాయి "బతికొచ్చినట్టుంది సార్" అంది. అది బతకడం కాదని అప్పటికప్పుడే చెప్పాను, ఆ మాటే రికార్డులోకి ఎక్కకూడదని కూడా.

☐ పూత పగుళ్లు లేకుండా ఉంది
☐ వేలితో తాకకుండా చివరలతోనే పట్టుకున్నాను
☐ నాలుగు పట్టీల మీద నంబర్లు ఉన్నాయి
☐ ఊపిరికి 1వ పట్టీ కదిలింది, 3వది దాదాపు కదల్లేదు

7. తేమ సీసాలు

గాలిలో తేమను కావలసిన అంకె దగ్గర నిలబెట్టడానికి ఉప్పుల సంతృప్త ద్రావణాలు చాలు. మూసిన సీసాలో ఒక్కో ఉప్పు ఒక్కో తేమను నిలుపుతుంది. 30 డిగ్రీల దగ్గర:

మెగ్నీషియం క్లోరైడ్: 32 శాతం
పొటాషియం కార్బొనేట్: 43 శాతం (25 డిగ్రీల దగ్గర కొలిచిన విలువ, ఆ పైన పెద్దగా మారదు)
సోడియం క్లోరైడ్: 75 శాతం
పొటాషియం క్లోరైడ్: 84 శాతం

సీసా అడుగున రెండు సెంటీమీటర్ల మందాన ఉప్పు వేసి, అది తడిసి ముద్దయ్యేంత నీరే పోయండి. తడి ఇసుకలా కనబడాలి. ఉప్పంతా కరిగి నీరు తేటగా కనిపిస్తే ఆ అంకె పోయినట్టే, ఇంకా ఉప్పు వేయండి. వంటింటి కల్లుప్పు వద్దు. అందులో మెగ్నీషియం లవణాలు ఉంటాయి, 75 రావాల్సిన చోట తక్కువ వస్తుంది. ల్యాబ్ సోడియం క్లోరైడ్ వాడండి.

అడుగున ఉత్త నీళ్లు పోసి 100 శాతం తెద్దామనుకుంటారు. గది ఒక్క డిగ్రీ చల్లబడినా పట్టీ మీద నీటి బొట్లు కడతాయి. తెల్ల జిగురు మెత్తబడుతుంది, స్పోర్లు జారిపోతాయి. 84 దగ్గర ఆగడమే క్షేమం.

మార్కెట్‌లో దొరికే చవక హైగ్రోమీటర్లు 5 శాతం అటూ ఇటూ చూపిస్తాయి. దాన్ని సోడియం క్లోరైడ్ సీసాలో, ద్రావణానికి తగలకుండా, 8 గంటలు మూసి పెట్టండి. 75 రావాలి. 71 చూపిస్తే మీ మీటరు 4 తక్కువ చెబుతోందని రాసుకుని, ప్రతి అంకెకు 4 కలపండి. ఈ ఒక్క పని చేసిన ప్రాజెక్టుకు, చేయని దానికి తేడా చూడగానే తెలుస్తుంది.

సీసాలు గాజువే ఎందుకంటే, మన మే నెల గాలికి ప్లాస్టిక్ డబ్బాల మీద స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. 12 మైక్రాన్ల టేపు వెళ్లి గోడకు అతుక్కుంటుంది. ఒక బ్యాచ్ పిల్లలు రెండు రోజులు దాన్నే "వంపు" అని కొలిచారు, వాళ్ల కష్టం చూసి నాకు బాధేసింది.

8. కొలత

పట్టీని మూత లోపలి వైపు, పట్టు భాగంతో, నిలువుగా వేలాడదీయండి. సీసా వెనక గ్రాఫ్ కాగితం. ఫోను స్టాండు మీద, సీసాకు సూటిగా, ప్రతిసారీ అదే దూరం. పట్టీ అంచు ఒక గీతలా కెమెరాకు కనబడాలి. వెడల్పు కనిపిస్తే మూత తిప్పండి.

తేమ తక్కువ సీసా నుంచి ఎక్కువ సీసాకు: 32, 43, 75, 84. తర్వాత వెనక్కి: 75, 43, 32. రెండు దిశలూ కొలవాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకే తేమ దగ్గర వంపు అచ్చంగా ఒకటే ఉండకపోవచ్చు. ఆ తేడా తప్పు కాదు, నీరు లోపలికి పోవడానికి, బయటికి రావడానికి దారి ఒకేలా ఉండదు. దాన్ని కొట్టేసి సగటు రాయకండి.

ఒక్కో సీసాలో ఎంతసేపు? థురింజియెన్సిస్ స్పోర్ల పరిశోధనలో ఉబ్బడం రెండు దశల్లో జరిగింది. మొదటిది సుమారు 50 సెకన్ల స్థాయిలో వేగంగా, రెండోది సుమారు 8 నిమిషాల స్థాయిలో నెమ్మదిగా. మొదటి దశలో నీరు తొడుగు, కార్టెక్స్ చేరుతుంది, రెండో దశ కేంద్రం వైపుది. కానీ మూత తీసి పెట్టాక సీసాలో తేమే మళ్లీ కుదురుకోవడానికి సమయం కావాలి. కాబట్టి ఒక గంట ఉంచి కొలవండి. ఓపిక ఉంటే మొదటి 15 నిమిషాలు నిమిషానికో ఫోటో తీయండి. వేగంగా ఒకసారి, నెమ్మదిగా ఒకసారి కదలడం గ్రాఫులో పట్టుబడితే అదే మీ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన పేజీ.

ప్రతి ఫోటోకు రాయాల్సినవి:

☐ పట్టీ నంబరు
☐ సీసా, ఎక్కే దిశా దిగే దిశా
☐ సమయం, గది ఉష్ణోగ్రత
☐ కొన ఎన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిగింది, స్పోర్ల వైపా, అవతలి వైపా

9. అంకెల నుంచి అర్థం

కొన కదలిక పట్టీ పొడవులో నాలుగో వంతుకు మించకపోతే ఈ లెక్క సరిపోతుంది: పొడవును పొడవుతో గుణించి, కొన కదలికకు రెండింతలతో భాగించండి. వచ్చేది వంపు వ్యాసార్ధం. ఉదాహరణకు పొడవు 50 మి.మీ., కదలిక 10 మి.మీ. అయితే 2500ను 20తో భాగిస్తే 125 మి.మీ. ఒకటిని 125తో భాగిస్తే 0.008, అదే వంపు. పట్టీలను పోల్చేది ఈ చివరి అంకెతో. వంపు ఎక్కువై చుట్టుకుపోతే లెక్క వదిలేసి, ఫోటో మీద గుండ్రాలు గీసి ఏ గుండ్రం సరిపోతుందో చూడండి.

పట్టీ ఏ వైపు వంగాలో ముందే ఊహించి రాయండి. తేమ పెరిగితే స్పోర్ల వైపు సాగుతుంది, కాబట్టి ఆ వైపు ఉబ్బెత్తుగా, అవతలి వైపు లోతుగా కావాలి. మీ పట్టీ దీనికి ఉల్టాగా కదిలితే, పూత తప్పు వైపు వేశారేమో ముందు చూడండి.

ఇక తీసివేత. 1వ పట్టీ వంపు మార్పులోంచి 2వ దాని వంపు మార్పు తీసేస్తే స్పోర్ల వాటా. 2వ దాంట్లోంచి 3వది తీసేస్తే జిగురు వాటా. జిగురు వాటా స్పోర్ల వాటాలో సగానికి వచ్చిందంటే మీ జిగురు ఎక్కువైంది, ఆ పట్టీతో వాదించకండి, మళ్లీ పూయండి.

4వ పట్టీ దగ్గర కాసేపు ఆగండి. 121 డిగ్రీల తడి వేడిలో స్పోరు చనిపోతుంది, కేంద్రంలోని డైపికోలినేట్ బయటికి కారిపోతుంది. ఆ స్పోర్లు కూడా 1వ దానంతే వంగితే, కదలికకు ప్రాణంతో పనిలేదని, తొడుగు, కార్టెక్స్ ఉంటే చాలని మీరు చూపించినట్టు. తక్కువ వంగితే, ఉడకడంలో ఆ పొరలు దెబ్బతిన్నాయని అర్థం. ఎలా వచ్చినా అది ఫలితమే. అంకె నచ్చలేదని దాచకండి.

ఇక్కడే వైవాలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: ఆవిరి వేడి 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాల్లో చేసే పనికి పొడి ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 2 గంటలు ఎందుకు కావాలి? తడి ఉన్నప్పుడు ప్రోటీన్లు తేలిగ్గా వికటిస్తాయి. కేంద్రంలో నీరు తక్కువగా ఉండడమే స్పోరుకు రక్ష. బయటి పొరలు ఎంత ఉబ్బినా, నిద్రలో ఉన్న స్పోరు ఆ కేంద్రాన్ని మామూలు కణమంత తడవనివ్వదు. వంగే పట్టీ చూపేది బయటి పొరల కథ, ఆటోక్లేవ్ చూపేది లోపలి కథ. రెండూ కలిపి చెబితే ప్రశ్నకు నిండుగా జవాబు.

10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

*పట్టీ అసలు కదలడం లేదు.* పూత చాలా పలుచగా ఉంది, లేదా టేపు మందం. వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే పూత తెల్లటి మసకగా ఒకే తీరున కనిపించాలి. లేకపోతే ఇంకో వయల్ స్పోర్లతో ఒక పూత వేయండి.

*ఒకసారి వంగి ఆగిపోయింది.* పూత టేపును వదిలేసింది. ఉప్పుకాగితంతో రుద్దడం మరిచిపోయినవాళ్లకు ఇదే జరుగుతుంది. అతికించే ప్రయత్నం వద్దు, కొత్త పట్టీ చేయండి.

*పట్టీ మెలితిరుగుతోంది, స్ప్రింగులా.* పూత ఒక అంచున మందంగా ఉంది. గాజు పలక వాలుగా ఉన్నప్పుడు ద్రవం ఒక పక్కకు చేరుతుంది. పలక సమంగా ఉందో లేదో మట్టం చూసుకోండి.

*పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఇంకో అంకె.* గది వేడి మారింది. సీసాలను మందపాటి దుప్పట్లో చుట్టి గోడ వారగా, ఎండ పడని మూలన ఉంచండి. కొలిచేటప్పుడు మాత్రమే విప్పండి.

*2వ పట్టీ కూడా బాగా వంగింది.* జిగురు చుక్క పెద్దదైంది, లేదా నీళ్లు 20 మిల్లీలీటర్లు లేవు. కొలిచి పోయండి, అంచనాతో పోయకండి.

*పూత మీద నల్లటి మచ్చలు.* బూజు. తేమ సీసాలో రోజుల తరబడి వదిలేశారు. కొలత అయ్యాక పట్టీలను ఎప్పుడూ పొడి పెట్టెలో, సిలికా జెల్ పొట్లంతో దాచండి. సరిగా దాచిన పట్టీ వారాల తర్వాత కూడా ఊపిరికి కదులుతుంది.

11. పని అయ్యాక

బల్ల స్పిరిట్‌తో తుడిచేసి చేతులు దులుపుకోకండి. స్పిరిట్‌కు స్పోర్లు చావవు. బల్ల మీద తాజాగా కలిపిన బ్లీచింగ్ ద్రావణం పోసి, 15 నిమిషాలు ఉంచి, తర్వాత నీటితో తుడవండి. బ్లీచ్ పోసినప్పుడు కిటికీ తెరవండి, ఆమ్లాలతో కలవనివ్వకండి.

పట్టీలు, డ్రాపర్లు, మిగిలిన ద్రవం, గాజు కడ్డీ అన్నీ ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. కాలేజీలో ఆటోక్లేవ్ లేకపోతే ల్యాబ్‌కే కేటాయించిన ప్రెషర్ కుక్కర్ వాడండి, ఇంటి కుక్కర్ తేవద్దు. రంగు నీళ్లు, ముఖ్యంగా మాలకైట్ గ్రీన్, సింకులో పోయకుండా వేరే డబ్బాలో పోగుచేసి ల్యాబ్ ఇన్‌ఛార్జికి అప్పగించండి. ఉప్పుల సీసాలు మాత్రం పారేయకండి. మూత గట్టిగా బిగించి, పేరు, తేదీ రాసి అలమరాలో పెట్టండి. వచ్చే ఏడు పిల్లలకు పైన నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే అవే మళ్లీ పనికొస్తాయి.